“వచ్చెయ్యనా అమ్మా?” అని ఆదివారం ఫోన్‌లో అడుగుతున్నాడు

గాజువాక నుంచి ఒక తల్లి పెద్ద ఉత్తరం రాశారు. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేసి, మిగతాది ఆవిడ మాటల్లోనే కుదించి ఇస్తున్నాను.

“మా బాబుకి పంతొమ్మిదేళ్లు. ఇంటర్ తర్వాత డిగ్రీలో చేర్పించాం కానీ వాడి మనసంతా ఆర్మీ మీదే. తెల్లారగట్ల నాలుగింటికి లేచి ఉక్కునగరం వైపు పరుగుకి వెళ్లేవాడు. రాతపరీక్ష, ర్యాలీ, మెడికల్ అన్నీ గట్టెక్కి అగ్నివీర్‌గా సెలెక్ట్ అయ్యాడు. ఆ రోజు మా ఆయన వీధంతా స్వీట్లు పంచారు. రైలెక్కించేటప్పుడు చుట్టాలు, వాడి ఫ్రెండ్స్ అందరూ స్టేషన్‌కొచ్చి దండలేశారు. ఇప్పుడు మహారాష్ట్రలో ఒక సెంటర్‌లో ట్రైనింగ్. ఇది ఐదో వారం.

ఫోన్ ఆదివారం మాత్రమే ఇస్తారు, అదీ కాసేపే. మొదటి వారం బాగానే మాట్లాడాడు. తర్వాత గొంతు మారిపోయింది. మూడో ఆదివారం ‘అమ్మా, నేనిక్కడ ఉండలేనే, వచ్చెయ్యనా’ అని ఏడ్చేశాడు. వాడికి హిందీ రాదు. ఉస్తాద్ చెప్పింది అర్థమయ్యేలోపు అందరూ తిరిగిపోతారట, వీడొక్కడూ నిలబడిపోతాడట. దానికి పనిష్మెంట్. ఒక్కోసారి పక్కవాళ్లకీ పడుతుందట, అందుకని బ్యారక్‌లో కొందరు వీడితో మాట్లాడడం మానేశారట. రాజాం కుర్రాడు ఒకడున్నాడు, వాడొక్కడే తోడు. ఎడమకాలు మోకాలి కింద ఒకచోట బాగా నొప్పిగా ఉందన్నాడు. ఎవరికీ చెప్పలేదట. చెబితే వెనక బ్యాచ్‌లోకి తోసేస్తారని భయం. ‘నాన్నకి ఏమీ చెప్పకు’ అని నాచేత ఒట్టు వేయించుకున్నాడు.

మా ఆయనది కాంట్రాక్ట్ పని. రేపు ఉంటుందో లేదో తెలీదు. నాలుగేళ్ల తర్వాత బాబుకి వచ్చే డబ్బుతో అమ్మాయి పెళ్లి చేసేద్దామని వాడి ముందే చాలాసార్లు అన్నారు. వాడు వచ్చేస్తానంటున్నాడని తెలిస్తే ఆయన తట్టుకోలేరు. మా పక్కింటాయన నేవీలో చేసి రిటైరయ్యారు. మాటవరసకి అడిగితే ‘నెల రోజులు ఏడుస్తారమ్మా, తర్వాత వాళ్లే మగాళ్లవుతారు’ అన్నారు. మా తమ్ముడేమో ‘రైలెక్కి వచ్చేయమను అక్కా, ఏం చేస్తారు, ఉరి తీస్తారా’ అంటున్నాడు. వాట్సాప్ గ్రూపులో పరిచయమైన ఒకాయన ఎనభై వేలిస్తే బాబుని సికింద్రాబాద్‌కి మార్పిస్తానన్నాడు. నా గాజులు తాకట్టు పెడితే ఆ డబ్బొస్తుంది.

రాత్రిళ్లు నిద్ర లేదు. ట్రైనింగ్ వీడియోలు చూస్తూ కూర్చుంటాను. ఆ అరుపులు, పనిష్మెంట్‌గా చేయించే ఆ రగడా చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మిషన్ దగ్గర కూర్చుంటే కుట్టు సాగడం లేదు. వెళ్లి చూసొద్దామా, తీసుకొచ్చేద్దామా, ఆయనకి చెప్పాలా వద్దా, ఏమీ తోచడం లేదు.”

అమ్మా, మీ ఉత్తరంలో బాబు ఏడుపు గురించి చాలా రాశారు. కాలి నొప్పి గురించి నాలుగు మాటలే ఉన్నాయి. నేను ఆ నాలుగు మాటల దగ్గరే ఆగిపోయాను. మిగతా అన్నిటికీ కొంత టైముంది. దీనికి లేదు, కాబట్టి ముందు దీని గురించే చెబుతాను.

ట్రైనింగ్‌లో చేరిన కొత్తలో ఒళ్లునొప్పులు అందరికీ వస్తాయి. పిక్కలు, తొడలు పట్టేస్తాయి. రెండు కాళ్లూ ఒకేలా నొప్పిగా ఉంటాయి, కాసేపు కదిలితే తేలికవుతాయి. అది కండరాల నొప్పి, దానంతటదే సర్దుకుంటుంది. ఎముక నొప్పి అలా ఉండదు. మోకాలి కింద ముందువైపు ఎముక మీద ఒక్కచోట, వేలు పెట్టి చూపించగలిగేలా ఉంటుంది. అక్కడ నొక్కితే విలవిల్లాడిపోతారు. పరుగెత్తే కొద్దీ ఎక్కువవుతుంది, ముదిరితే రాత్రి పడుకున్నా లాగుతూనే ఉంటుంది. ఎముకలో వచ్చే ఈ సన్నని చీలికను స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. ఏ దేశపు సైన్యంలోనైనా రిక్రూట్లకు తరచుగా వచ్చే గాయమే ఇది. ఎముక మీద అలవాటు లేని భారం పడినప్పుడు శరీరం ముందు పాత ఎముకను కొంత కరిగించి, ఆ తర్వాత అక్కడ గట్టిదాన్ని కడుతుంది. కరగడం త్వరగా అవుతుంది, కట్టడానికి ఎక్కువ రోజులు పడుతుంది. అందుకే ట్రైనింగ్ మొదలైన మొదటి నెల, రెండు నెలల్లో ఎముక ఇంటి దగ్గర ఉన్నప్పటికంటే బలహీనంగా ఉండే రోజులు కొన్ని వస్తాయి. మీ బాబు ఇప్పుడు ఆ రోజుల్లోనే ఉన్నాడు. ఇక్కడ రోజుకు ఒక పూట పరుగెత్తేవాడు. అక్కడ పొద్దున పీటీ, తర్వాత గట్టి నేల మీద బూట్లతో డ్రిల్లు, సాయంత్రం మళ్లీ ఆటలు, మధ్యలో మెస్‌కి వెళ్లినా క్లాసుకి వెళ్లినా పరుగే.

అతనికి ఉన్నది అదేనని నేను చెప్పడం లేదు. చూసి తేల్చాల్సింది డాక్టరు. కానీ చూపించుకోవాలి, అదీ ఈ వారంలోనే. ప్రతి సెంటర్‌లో ఎంఐ రూమ్ అని డాక్టరు చూసే గది ఉంటుంది. పొద్దున సిక్ రిపోర్ట్ చేస్తే, అంటే ఒంట్లో బాగోలేదని చెబితే, అక్కడికి పంపిస్తారు. హిందీ రాక నోరు మెదపలేకపోతుంటే ఈ ముక్క అతనికి చెప్పండి, బట్టీ పట్టమనండి: “ఉస్తాద్, మేరే బాయే పైర్ కీ హడ్డీ మే ఏక్ జగహ్ దర్ద్ హై, దౌడ్‌నే సే బఢ్‌తా హై.” నా ఎడమకాలి ఎముకలో ఒకచోట నొప్పిగా ఉంది, పరుగెడితే పెరుగుతోంది అని. ఇంకో సంగతి. ఇలాంటి చీలిక మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. “ఎక్స్‌రే బాగుందన్నారమ్మా” అని ఊరుకోకుండా, నొప్పి అలాగే ఉంటే మళ్లీ వెళ్లమనండి. ఎమ్మారైలో అయితే తెలుస్తుంది.

వెనక బ్యాచ్ భయం ఉత్తిది కాదు. దాన్ని రెలిగేషన్ అంటారు. గాయం వల్ల వారాల తరబడి ట్రైనింగ్ తప్పితే, కోలుకున్నాక తర్వాతి బ్యాచ్‌తో కలుపుతారు. పంతొమ్మిదేళ్ల పిల్లాడికి అది అవమానంగానే ఉంటుంది, కుదిరిన ఒక్క స్నేహితుడూ ముందుకెళ్లిపోతాడు కూడా. కాదనను. కానీ ఇప్పుడు చెబితే పోయేది కొన్ని వారాలు. ఆ కాలితోనే పరుగెడుతూ పోతే చీలిక కాస్తా పూర్తిగా విరగవచ్చు. అప్పుడు ఆపరేషన్, నెలల తరబడి మంచం, మెడికల్ కేటగిరీ తగ్గిపోవడం, చివరికి పనికిరావని పంపేయడం దాకా వెళ్తుంది. ఉండాలనుకున్నా, వచ్చేయాలనుకున్నా అతనికి ఆ కాలు కావాలి కదా.

ఇక ఏడుపు. అతనికి వారంలో మనసు విప్పి మాట్లాడుకునే టైము మీతో మాట్లాడే ఆ కాసేపే. మిగతా ఆరు రోజులూ మింగుకున్నదంతా, వానాకాలంలో మేఘాద్రిగెడ్డ రిజర్వాయరు గేట్లు ఎత్తినట్టు, మీ గొంతు వినగానే ఒక్కసారి వచ్చేస్తుంది. మీరు వింటున్నది ఆ కాసేపే, కానీ దాన్ని పట్టుకుని వారమంతా ఊహించుకుంటున్నారు. సోమవారం పొద్దున అతను లేచి, మంచం సర్ది, బూట్లు పాలిష్ చేసి ఫాలిన్‌లో, అందరితో పాటు వరుసలో, నిలబడుతున్నాడు. అది మీకు కనిపించదు. అలాగని ఏడుపు అబద్ధమని కాదు. అతని వారం మొత్తాన్ని ఆ ఒక్క ఫోన్‌తో కొలవలేం, అంతే.

పక్కింటాయన చెప్పిన దాంట్లో సగం నిజం. ఇంటి బెంగ చాలామందికి కొన్ని వారాల్లో పలచబడుతుంది. బేసిక్ ట్రైనింగ్‌లో మొదటి వారాలే అన్నిటికంటే కష్టం. ఉదాహరణకు ఆర్టిలరీలో అగ్నివీరుల ట్రైనింగ్ 31 వారాలు. అందులో 10 వారాలు బేసిక్, మిగతా 21 వారాలు ట్రేడ్ పని నేర్పేది. రెండో భాగంలో నేర్చుకోవడానికి ఒక పనంటూ ఉంటుంది, కుర్రాళ్లకు కాళ్ల కింద నేల దొరికినట్టు ఉంటుంది. ఆయన మాటలో రెండో సగం, “మగాళ్లవుతారు” అన్నది మాత్రం నేను ఒప్పుకోను. ఇలాంటి మాటలు వినీ వినీ కదా మీ బాబు ఎముక నొప్పిని పళ్లబిగువున దాచుకుంటున్నాడు!

అతని కష్టంలో పెద్ద ముక్క భాషే అని నాకనిపిస్తోంది. దేహదారుఢ్యం లేకపోతే ర్యాలీ దాటేవాడే కాదు. “దాహినే ముడ్” అంటే కుడికి, “బాయే ముడ్” అంటే ఎడమకి, “పీఛే ముడ్” అంటే వెనక్కి తిరగాలని తెలియక నిలబడిపోతున్నాడు, దాంతో చేతకానివాడినన్న భావం వచ్చేసింది. ఇందులో మీరు చేయగలిగిన పని ఒకటుంది. అమ్మాయికి హిందీ వస్తే, డ్రిల్లు మాటలు, మెస్‌లో, స్టోర్‌లో, డాక్టరు దగ్గర పనికొచ్చే వాక్యాలు ఒక వంద తెలుగు అక్షరాల్లో రాయించి పోస్టులో పంపండి. రాకపోతే వీధిలో ఏ టీచర్నైనా అడగండి, లేదా ఆ పక్కింటాయన్నే అడగండి. నేవీలో అన్నేళ్లు చేసిన మనిషికి ఇది పెద్ద పని కాదు, ఆయన సంతోషంగా చేస్తారు. పిల్లాడు సిక్ రిపోర్ట్ చేసి విశ్రాంతిలో ఉంటే చదువుకోవడానికీ పనికొస్తుంది. ఉత్తరాలు కూడా రాస్తుండండి. ఫోన్ పది నిమిషాల్లో అయిపోతుంది, ఉత్తరం దిండు కింద పెట్టుకుని ఎన్నిసార్లైనా చదువుకోవచ్చు. ఇంట్లో ఏం వండారో, వీధిలో ఎవరి గొడవ ఏమైందో, సింహాచలం వెళ్తే రద్దీ ఎంతుందో, అలాంటివి రాయండి.

ఒక్క విషయంలో మాత్రం అతన్ని సూటిగా అడగాలి. ఎవరైనా కొడుతున్నారా? డబ్బులు లాక్కుంటున్నారా? ఒంటరిగా ఉన్నప్పుడు ఏమైనా చేస్తున్నారా? ఉస్తాద్ అరవడం, ఫ్రంట్ రోల్ చేయించడం, గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించడం ట్రైనింగ్‌లో భాగం, చూడ్డానికి మనకు ఎంత బాధగా ఉన్నా సరే. ఇవి అలాంటివి కావు, ఓర్చుకోవాల్సినవీ కావు. అవునంటే ప్లాటూన్‌లోని జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) సాబ్‌కి, అక్కడ వినకపోతే కంపెనీ కమాండర్‌కి చెప్పాలి. అతను భయపడితే మీరే తేదీలతో సహా సెంటర్ కమాండెంట్‌కి ఉత్తరం రాయండి. అలాగే “బతకాలని లేదు” అన్న మాట ఏ రూపంలో వచ్చినా వచ్చే ఆదివారం దాకా ఆగొద్దు. వెంటనే కంపెనీకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. పరువు, ఒట్టు, నాన్న భయం, ఏవీ అడ్డు రాకూడదు. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి రాత్రయినా పగలయినా చేయవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మీకు నిద్ర పట్టని రాత్రి మీరూ చేయొచ్చు.

మీ తమ్ముడి సలహా మాత్రం వినకండి. ప్రేమతోనే చెప్పి ఉంటారు, కానీ చట్టం సంగతి తెలియక చెప్పారు. ఆర్మీలో నమోదైన రోజు నుంచీ బాబు 1950 నాటి ఆర్మీ చట్టం కిందకి వస్తాడు. సెలవు లేకుండా వెళ్లిపోవడం 39వ సెక్షన్ కింద, తిరిగి వెళ్లే ఉద్దేశం లేకుండా పారిపోవడం 38వ సెక్షన్ కింద నేరం. సెంటర్‌వాళ్లు సొంతూరి పోలీసులకు తెలియజేస్తారు. మీరు భయపడుతున్న పరువు సంగతి అప్పుడు గాజువాక పోలీసులు మీ వీధిలో అడ్రసు వాకబు చేయడంతో మొదలవుతుంది. ముప్ఫై రోజులు దాటితే అక్కడ కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ, అంటే సైన్యం తరఫు విచారణ, పెడతారు. తర్వాత ఏ ప్రభుత్వోద్యోగానికి దరఖాస్తు పెట్టినా ఇది అడ్డుపడుతుంది. ఒకవేళ ఎప్పుడైనా చెప్పకుండా ఇంటికొచ్చి తలుపు కొడితే, తిట్టకండి, దాచకండి. అన్నం పెట్టి, అదే రోజు సెంటర్‌కి ఫోన్ చేసి, ఎవరైనా తోడు వెళ్లి అప్పగించండి. తనంతట తాను తిరిగెళ్లినవాడిని చూసే తీరు వేరుగా ఉంటుంది.

మరి చట్టప్రకారం వచ్చేయలేడా? ఇది కూడా మీకు తెలియాలి. అగ్నివీరులను సొంత కోరిక మీద నాలుగేళ్లలోపు విడుదల చేయరు. అసాధారణమైన సందర్భాల్లో మాత్రమే, పై అధికారి అనుమతితో చేస్తారు. ఆ దరఖాస్తు బాబు తనే కంపెనీ కమాండర్ ద్వారా పెట్టుకోవాలి. అమ్మ ఏడ్చిందనో, హిందీ రావడం లేదనో ఇచ్చే అనుమతి కాదది. ఆరోగ్యం బాగోలేదని మెడికల్ బోర్డు తేల్చడం వేరే దారి, అది డాక్టర్ల చేతుల్లో ఉంటుంది. ఇదంతా చెప్పి అతన్ని బంధించమని కాదు నా ఉద్దేశం. మనసు నిజంగా విరిగిపోతే అతను దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికయ్యే ఆలస్యం, దొరక్కపోయే అవకాశం తెలిసి పెట్టుకోవాలి. నా అభిప్రాయం అడిగితే, కాలి సంగతి తేలి, బేసిక్ ట్రైనింగ్ అయ్యేదాకా ఆ నిర్ణయం వాయిదా వేయమంటాను. నొప్పితో, భాష రాని బెదురుతో ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని అతనే ఆర్నెల్ల తర్వాత ఒప్పుకోకపోవచ్చు. అప్పటికీ వద్దంటే, అది ఇంటి బెంగ కాదని మీకూ తెలుస్తుంది, అతనికీ తెలుస్తుంది.

ఇప్పుడు మీ ఇంట్లో ముడిపడి ఉన్న అసలు విషయానికొస్తాను. బాబు “వచ్చెయ్యనా” అని మిమ్మల్నే అడిగి, నాన్నకు చెప్పొద్దని ఎందుకన్నాడు? కోపానికి భయపడి మాత్రమే కాదని నా అనుమానం. అక్క పెళ్లి తన భుజాల మీద ఉందని అతను రైలెక్కకముందే విన్నాడు. లెక్క చూడండి. మొదటి ఏడాది నెలకు 30,000. అందులో 9,000 సేవానిధికి, అంటే నాలుగేళ్ల చివర ఇచ్చే పొదుపు నిధికి, పోగా చేతికి 21,000 వస్తుంది. ఆ నిధికి ప్రభుత్వం అంతే కలుపుతుంది. నాలుగేళ్లూ పూర్తయితే వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు వస్తాయని ఈ అగ్నిపథ్ పథకం ప్రకటించిన 2022లో చెప్పారు. మధ్యలో సొంత కోరిక మీద వస్తే అతను దాచుకున్న వాటా, దాని వడ్డీ మాత్రమే దక్కుతాయి. నాలుగేళ్ల తర్వాత రెగ్యులర్‌గా తీసుకునేది గరిష్ఠంగా నూటికి పాతిక మందిని. అంటే ఇరవై మూడేళ్లకు బయటికొచ్చి మళ్లీ బతుకు మొదలుపెట్టాల్సి రావచ్చు, అప్పుడు చదువుకో చిన్న వ్యాపారానికో ఆధారం ఆ డబ్బే. ఇంకా చేతికి రాని ఆ సొమ్ముతో పెళ్లి ముహూర్తం పెట్టడం అమ్మాయికీ న్యాయం కాదు. ఆమెను అడిగారా? తమ్ముడు అంత కష్టపడి సంపాదించిన డబ్బుతో పెళ్లి చేసుకోవడానికి ఆమెకు ఇష్టమేనా?

మీ ఆయన చెడ్డవారని నేననుకోవడం లేదు. పని మీద భరోసా లేని మనిషికి కొడుకు ఉద్యోగం ఒక్కటే వీధిలో తలెత్తుకునే ఆధారమైంది. అందుకే స్వీట్లు పంచారు. కానీ ఆయనకు తెలియకుండా మీరిద్దరూ ఆదివారాలు గడిపితే ఎప్పుడో ఒకరోజు బయటపడుతుంది, అప్పుడు కాలి నొప్పి కంటే దాచిన సంగతే పెద్ద గొడవవుతుంది. అన్నీ ఇప్పుడే చెప్పేస్తే ఆయన కోపంలో ఫోన్ లాక్కుని పిల్లాణ్ని తిట్టే ప్రమాదమూ ఉంది, మీకే బాగా తెలుసు. అందుకని నాకు తోచింది చెబుతాను. కాలి నొప్పి సంగతి ఈ రోజే చెప్పండి. అది ఒట్టు తప్పడం కిందకి రాదు, ఆరోగ్యం విషయం. ఏడ్చిన సంగతి బాబును అడిగి, అతని ఒప్పుకోలుతో చెప్పండి. “నాన్నకి నేను చెబుతాను, నిన్నేమీ అననివ్వను” అంటే చాలాసార్లు పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. పెళ్లి డబ్బుల మాట మాత్రం బాబుతో ఆయనే అనాలి: “అక్క పెళ్లి నా బాధ్యతరా, నీది కాదు.” ఈ ఒక్క మాట ఆయన చేత అనిపించగలిగితే, బాబు ఉండడమైనా రావడమైనా తన కోసం తను ఆలోచించుకోగలుగుతాడు. ఆయన అనకపోతే మీరనండి, అమ్మాయి చేత కూడా అనిపించండి.

గాజులు మాత్రం బీరువాలోంచి తీయకండి. డబ్బు పుచ్చుకుని రిక్రూట్‌ని ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కి మార్పించేవాళ్లెవరూ ఉండరు. ఎవరు ఏ సెంటర్‌కి వెళ్లాలన్నది వాళ్ల ఆర్మ్‌ని (సైన్యంలో విభాగాన్ని) బట్టి, ట్రేడ్‌ని బట్టి ఉంటుంది. ఆ మనిషి మీలాంటి తల్లుల కోసమే ఆ గ్రూపులో కూర్చున్నాడు. ఆ నంబరు బ్లాక్ చేయండి. మీరు గానీ, గ్రూపులో ఇంకెవరైనా గానీ ఇప్పటికే ఆన్‌లైన్‌లో పంపి ఉంటే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వమనండి. బాబు పేరు, సెంటర్, యూనిఫామ్ ఫొటోలు ఆ గ్రూపులో పెట్టొద్దు. వాటిని చూసే “మీ అబ్బాయికి దెబ్బ తగిలింది, డబ్బు పంపండి” అని ఫోన్లు చేసే దొంగలు తయారవుతారు. ఆ వీడియోలు కూడా మానేయండి. వాటిలో ఉన్నది మీ బాబు కాదు. చూసే జనం పెరగాలని అరుపులు, కష్టం ఉన్న ముక్కలే ఏరి పెడతారు.

వెళ్లి చూడడం గురించి అడిగారు. ముందు చెప్పకుండా వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు, ఒక రోజుకు పైగా రైల్లో కూర్చుని వెళ్లి రోడ్డు మీద నిలబడాల్సి వస్తుంది. జాయినింగ్ కాగితాల మీద సెంటర్ అడ్రసు ఉంటుంది, కంపెనీ ఫోన్ నంబరు బాబు చెప్పగలడు. అడిగి, అనుమతి ఇచ్చిన ఆదివారమే వెళ్లండి. వెళ్తే అతనికి కొండంత బలం రావచ్చు, లేదా మీరు తిరిగి రైలెక్కాక మొదటి రోజు బెంగ మళ్లీ మొదలవ్వచ్చు. మీ బాబు తీరు మీకే తెలుసు. నాకైతే ఇప్పుడు కాకుండా, కాలికి వైద్యం మొదలై ఆసుపత్రిలో ఉంచాల్సి వస్తే అప్పుడు వెళ్లడం మేలనిపిస్తుంది. ట్రైనింగ్ చివర కుర్రాళ్లు ప్రమాణం చేసే కసమ్ పరేడ్‌కి తల్లిదండ్రుల్ని పిలుస్తారు, చాలా సెంటర్లలో అమ్మానాన్నలకు గౌరవ్ పదక్ అని మెడల్ కూడా ఇస్తారు. ఆ ప్రయాణానికి కొంచెం కొంచెంగా డబ్బు పక్కన పెట్టుకోండి. సైన్యం గురించి తెలిసినవాళ్లతో మాట్లాడాలనిపిస్తే విశాఖలోనే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. అక్కడ ఆర్మీలో చేసిన తెలుగువాళ్లు కలుస్తారు. మన ఊళ్లో అందరికీ తెలిసింది నేవీ. నేవీ సెంటరైన చిల్కాలో ట్రైనింగ్ అయినవాళ్ల అనుభవం ఆర్మీ సెంటర్‌కి అచ్చంగా సరిపోకపోవచ్చు.

వచ్చే ఆదివారం అతను ఫోన్ చేసినప్పుడు మొదట మీరేమీ అనకండి, ఏడిస్తే ఏడవనివ్వండి. “ఎప్పుడొస్తావు” అని అడగొద్దు. మీకు దుఃఖం వస్తే వచ్చిందని ఒక్క మాట చెప్పి ఊరుకోండి, ఓదార్చే పని అతని మీద పెట్టకండి. తర్వాత కాలి మీద వేలు పెట్టి ఎక్కడ నొప్పో చెప్పమనండి, సిక్ రిపోర్ట్ ఏ రోజు చేస్తాడో రోజు పేరు చెప్పించుకోండి. వెనక బ్యాచ్‌లో పడితే మన ఇంట్లో ఎవరికీ నామోషీ కాదని మీ నోటితో, వీలైతే వాళ్ల నాన్న నోటితో, అతను వినాలి. రాజాం కుర్రాడి గురించి అడగండి. ఆ అబ్బాయి ఇంటి నంబరు తీసుకుని వాళ్లమ్మతో మాట్లాడండి. ఆవిడ కూడా మీలాగే ఆదివారం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, ఒకరి పిల్లాడి కబురు ఇంకొకరికి చేరుతుంది.

ఒక ఆదివారం ఫోన్ రాకపోతే కంగారు పడకండి. డ్యూటీ పడి ఉండొచ్చు, బయటికి తీసుకెళ్లి ఉండొచ్చు. ముందు రాజాం వాళ్లను అడగండి. వాళ్లకీ తెలియకపోతే, లేదా కాలికి చూపించుకున్నాడో లేదో తేలకపోతే, సోమవారం కంపెనీకి ఫోన్ చేసి బాబు పేరు, నంబరు చెప్పి, ఎడమకాలికి ఎంఐ రూమ్‌లో చూపించారా అని అడగండి. అడగడానికి సంకోచించకండి. డాక్టరు ఏమన్నారో నాకు కూడా రాయండి.